మూల హోటల్‌కి రెండు నెలల సెలవు

మార్చి 3

ఒరేయ్ అల్లుడూ,

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. కుడికంటి ఆపరేషను బాగానే అయింది. కట్టు కట్టారు. ఎడమకన్ను ఎటూ మసకే, అంచేత ప్రస్తుతం నేను గోడ పట్టుకుని నడిచే మనిషిని. పేపరు చూడకూడదట, పొయ్యి దగ్గరికి పోకూడదట, తల వంచకూడదట, తుమ్మకూడదట. తుమ్ము నా చేతిలో ఉందా అని డాక్టర్ని అడిగాను. ఆయన నవ్వలేదు. (నేను నవ్వాను బాబాయ్.)

ఇరవై ఆరేళ్ళలో హోటల్‌కి ఇన్నాళ్ళు తాళం పడటం ఇదే మొదలు. అలవాటు ప్రకారం తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది. లేచి కూర్చున్నాక ఏం చెయ్యాలో తోచదు. మా అమ్మాయి వంట బాగానే చేస్తుంది కానీ ఉప్పు చూడదు, చూడకుండానే వడ్డించేస్తుంది. నేనేమీ అనడం లేదు. (అంటోంది.)

నీకు అప్పజెప్పి వచ్చిన పనులు మళ్ళీ చెబుతున్నాను, నీ బుర్ర సంగతి నాకు తెలుసు గనక. వెనక కొళాయి కారుతోంది, కింద బకెట్టు పెట్టు. వంట మాస్టారు కూతుర్ని చూడటానికి వాళ్ళ ఊరు వెళ్ళాడు, రాగానే తాళంచెవి ఇవ్వు, పొయ్యిలు బాగుచేయించి ఉంచుతాడు. ఇక అసలు పని. మళ్ళీ అయిదేళ్ళకి అద్దె కాగితం మీద సంతకం పెట్టి నీ చేతికిచ్చాను. ఇరవయ్యో తారీకు లోపల ఓనరుగారి చేతికివ్వాలి. ఆయన చేతికి, వాళ్ళావిడ చేతికి కాదు. అది అందితేనే హోటల్ మనది. అందకపోతే నేను కళ్ళు బాగుచేయించుకుని చూడటానికక్కడ ఏమీ ఉండదు.

నువ్వు పత్రికలో రాసే 'పేట కబుర్లు' ఎలాగూ నేను చదవలేను. నాకు వేరే రాయి. ఏం తెరిచారు, ఏం మూశారు, ఎవరు ఎవరితో పోట్లాడారు, అన్నీ కావాలి. సాయంత్రం టీ దగ్గర మనవరాలు అందరి ముందూ పైకి చదువుతుంది, మా అమ్మాయి మొగుడు కూడా వింటాడు. కాస్త మర్యాదగా రాయి.

హోటల్ పైన నీ గదిలో ఉత్తి రొట్టె తిని పడుకోకు.

మీ అత్తయ్య

మార్చి 10

అత్తయ్యా,

తుమ్ములు అదుపులోనే ఉన్నాయని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం, కొళాయి క్షేమం, బకెట్టు రోజుకి రెండుసార్లు నిండుతోంది.

కబుర్లకేం కొదవ లేదు. మనకెదురుగా ఫోటో స్టూడియో ఉన్న చోట పెద్ద హోటల్ తెరిచారు. గోడలన్నీ అద్దాలే. లోపల తినేవాళ్ళు బయటికి చూస్తారు, బయట నడిచేవాళ్ళు లోపలికి చూస్తారు, ఎవరు ఎవర్ని చూడటానికి డబ్బులిస్తున్నారో నాకు బోధపడలేదు. కుర్చీలు ఎంత ఎత్తంటే కూర్చున్నాక కాళ్ళు నేలకి అందవు. మన దర్జీ ఒకటెక్కి దిగలేక, సర్వరు వచ్చి దింపేదాకా టీ తాగుతూనే ఉన్నాడు. సూప్‌లు నాలుగు రకాలు రాశారు. నేను రెండు తాగాను. రెండూ ఒకటే.

లాండ్రీ మూసేశారు. టైపు ఇన్‌స్టిట్యూట్ కింద ఐస్‌క్రీము పార్లరు పెట్టారు, పైన టకటకలకి కింద గాజు కప్పులు వణుకుతున్నాయి. మూల మీద ఎర్రదీపం, పచ్చదీపం వచ్చాయి. మన ట్రాఫిక్ పోలీసుకి ఇక పని లేదన్నారు, అయినా ఆయన రోజూ వచ్చి దీపం పక్కన నిలబడుతున్నాడు. దీపం మారినప్పుడల్లా ఆయన చెయ్యి దానంతటదే లేస్తుంది.

ఇంకో సంగతి. ఈ వారం నేను రాసినదానికి చాలా పేరొచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఎడిటరుగారు లేచి వచ్చి భుజం తట్టారు. ఆఫీసుకి ఉత్తరాలు వచ్చాయి. దర్జీ నన్ను చూసి మిషను ఆపి లేచి నిలబడ్డాడు. దేని గురించి అంటావేమో, మన పేట గురించే. తీరిగ్గా చెబుతాను.

కాగితం సొరుగులో భద్రంగా ఉంది. ఇచ్చేస్తాను.

నీ అల్లుడు

మార్చి 18

ఒరేయ్ అల్లుడూ,

దర్జీ కుర్చీ దిగలేకపోవడం దగ్గర నవ్వి కట్టు ఊడిపోతుందని భయపడ్డాను. మనవరాలు రెండుసార్లు చదివింది. నీకు పేరొచ్చిందన్న ముక్క మాత్రం నేను మూడుసార్లు చదివించుకున్నాను. పక్కింటావిడకి కూడా చెప్పాను. మీ నాన్న, మా అన్నయ్య ఉంటే పైకి ఏమీ అనకుండా పత్రిక మడిచి తలగడ కింద పెట్టుకునేవాడు. ఆ ముక్క కత్తిరించి పంపు, ఇక్కడ చదివించుకుంటాను.

ఇప్పుడు నువ్వు రాయని కబురు ఒకటి నేను చెబుతాను. మా అమ్మాయి మొగుడి స్నేహితుడు పని మీద మన పేట మీదుగా వచ్చాడు. ఆ అద్దాల హోటల్లో పొడుగు టోపీ పెట్టుకుని మన మాస్టారు వంట చేస్తున్నాడని చెప్పాడు. నేను నమ్మలేదు. గెడ్డం కింద కాలిన మచ్చ ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

పదహారేళ్ళు. ప్రతి గిన్నె దించేముందు గరిటె పక్కకి చాపి 'అమ్మా, ఉప్పు' అనేవాడు. నేను చూసి ఊ అంటేనే దించేవాడు. అంతటి మనిషి నేను ఇలా మంచాన పడ్డ వేళ, ఒక్క మాట చెప్పకుండా రోడ్డు దాటి వెళ్ళిపోతాడా? నీకేమైనా తెలుసా? ఎదురుగా కనబడుతుంటే నువ్వెందుకు రాయలేదు?

కాగితం ఇచ్చావా? ఇరవై ఎల్లుండే.

(బాబాయ్, అమ్మమ్మ ఈ పూట టీ తాగలేదు.)

మీ అత్తయ్య

మార్చి 24

అత్తయ్యా,

మాస్టారి సంగతి నిజమే. మొన్న రోడ్డు దాటుతుంటే చూశాను. తెల్ల టోపీ పెట్టుకుని అద్దం వెనక కూరలు తరుగుతున్నాడు. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఎందుకు చేరాడో నేను అడగలేదు. ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి. నువ్వు మనసు పాడుచేసుకోకు, కంటికి మంచిది కాదు.

ఓనరుగారు ఊళ్ళో లేరు. రాగానే కాగితం ఇస్తాను. పత్రిక కాపీలు అయిపోయాయట, ఎడిటరుగారిని అడిగి చూస్తాను.

పేటలో విశేషాలు బోలెడు. అద్దాల హోటల్ వాళ్ళు బయట కూడా బల్లలు వేస్తే మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి కొలతలు తీసుకున్నారు. కొలిచినవాళ్ళే సాయంత్రం ఆ బల్లల దగ్గర కూర్చుని సూప్ తాగారు. లాండ్రీ చోట క్యాసెట్ల షాపు వచ్చింది, ఒకటే పాట పొద్దుణ్ణుంచీ. బార్బరు షాపుకి కొత్త అద్దం వేయించాడు, అందులో అందరూ లావుగా కనిపిస్తున్నారని గొడవ. వంతెన కింద చేపల వేపుడు బండి మాయమైంది, ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఏదో బేకరీ వాళ్ళు మన వీధిలో చోటు చూస్తున్నారని వినికిడి. ఎక్కడో ఏమో.

కన్ను జాగ్రత్త. నా గురించి ఆలోచించకు.

నీ అల్లుడు

ఏప్రిల్ 1

ఒరేయ్ అల్లుడూ,

నీ ఉత్తరంలో మాస్టారి గురించి రెండు ముక్కలు, బార్బరు అద్దం గురించి నాలుగు. నా మనసు కష్టపడకూడదని అలా రాశావని నాకు తెలుసు. నువ్వు చిన్నప్పుడూ అంతే, పలక పగలగొట్టి ఆకాశం గురించి మాట్లాడేవాడివి.

నేను ఊరుకోలేకపోయాను. నీ ఉత్తరం రాగానే మాస్టారికి ఒకటి రాయించి పోస్టు చేయించాను. ఆయనకి చదువు రాదు, బార్బరు చదివి వినిపిస్తాడు, వినిపించనీ, నలుగురికీ తెలియనీ. 'నా కంటికి కట్టు కట్టారు గానీ, కళ్ళు తెరిపించింది మీరు. పదహారేళ్ళు మీరు తిన్న ఉప్పు నేనే రుచి చూసి పెట్టాను. ఆ రుచి ఇంత త్వరగా మరుస్తారనుకోలేదు. నేను తిరిగొచ్చాక నా గుమ్మం తొక్కొద్దు.' అని రాయించాను. (చివరి వాక్యం వద్దమ్మమ్మా అన్నాను. వినలేదు.)

ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా అనాల్సిన మాటే అన్నాననుకుంటున్నాను.

నిన్న కట్టు విప్పారు. ముందుగా కనిపించింది మనవరాలి ముక్కు. అచ్చం నాదే. రోజుకి అయిదు లైన్లు చదువుకోవచ్చట, అంతకి మించకూడదట. ఎడమకన్ను ఈ నెల ఇరవై ఆరున చేస్తారు.

ఇక్కడి నుంచి నేనే రాస్తున్నాను. వంకరగా వస్తోంది. ఓనరుగారు ఊళ్ళో లేకపోయినా నువ్వు ఆ కాగితం సంగతి చూస్తావన్న ధైర్యంతోనే నేనిక్కడ నిద్రపోగలుగుతున్నాను. మాస్టారు పోతే పోయాడు. నువ్వున్నావు.

అత్తయ్య

ఏప్రిల్ 6

అత్తయ్యా,

ఈ ఉత్తరం మనవరాలి చేత చదివించుకోకు. టీ దగ్గర అసలు వద్దు. నువ్వే చదువుకోవాలని అక్షరాలు ఇంతింత పెద్దవిగా రాస్తున్నాను. రోజుకి అయిదు లైన్ల చొప్పున ఎన్నాళ్ళు పట్టినా సరే. అందరి ముందూ బయటపడుతుందని ఇన్నాళ్ళూ రాయలేదు. అదొక సాకు. అసలు రాసే ముఖం లేదు.

మాస్టారు ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను.

నువ్వెళ్ళిన మొదటి వారం పత్రికకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. శనివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ వేళకి కింద నుంచి పళ్ళేల చప్పుడు, 'ఇంకొంచెం వేసుకో, దేశం గొడ్డుపోదు' అని ఎవరినో నువ్వు గదమాయించడం వినపడేవి. ఆ రోజు ఏమీ లేదు. దిగులేసింది. ఆ దిగులు మాత్రం నిజం. కలం పట్టుకుంటే మొదటి వాక్యమే 'మూల హోటల్ ఇక లేదు' అని పడింది. తర్వాత ఎక్కడా ఆగలేదు. నేను జన్మలో అంత బాగా రాయలేదు. చివర ఇలా రాశాను: 'ఆమె కంటి ఆపరేషనుకి వెళ్ళింది, రెండు నెలల్లో తిరిగొస్తుంది.' మొత్తం చదువుకుంటే ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి చప్పబడిపోయింది. అందుకని దాన్ని కొట్టేశాను. ఒక్క గీత గీశాను, అంతే. నిజం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

పత్రిక వచ్చిన రోజు నుంచి పొగడ్తలే. జనం మన తలుపు దగ్గర ఆగి చూసి వెళ్ళేవాళ్ళు. నువ్వు రంగుతో రాసి తగిలించిన 'రెండు నెలలు సెలవు' బోర్డు చూసి బార్బరు ఏమన్నాడో తెలుసా? 'పాపం, తిరిగొద్దామనే ఆశతో తగిలించి వెళ్ళింది' అన్నాడు. బోర్డే నిజం, పేపరు అబద్ధం అని అప్పుడే అనాల్సింది. నేను 'అవును, పాపం' అన్నాను.

పన్నెండో తారీకున మాస్టారు ఊరి నుంచి వచ్చాడు. బార్బరు చదివి వినిపించాడట. తిన్నగా పైకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. 'హోటలు తీసేస్తున్నట్టు అమ్మగారు నాతో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది బాబూ' అన్నాడు. నేను 'ఏమో మాస్టారూ' అన్నాను. ఆయన నేను ఇవ్వబోయిన తాళంచెవి తీసుకోకుండా దిగి వెళ్ళిపోయాడు. ఆ రెండు మాటలు అనకపోతే ఆయన రోడ్డు దాటేవాడు కాదు.

మర్నాడు ఓనరుగారు వచ్చారు. ఆయన మేడ మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు. ఆయాసపడుతూ నా రెండు చేతులూ పట్టుకున్నారు. 'మా ఆవిడ చదివి ఏడ్చిందయ్యా. బేకరీ వాళ్ళు ఏడాదిగా అడుగుతున్నారు, మీ అత్తయ్య ముఖం చూసి కాదంటూ వచ్చాను. ఆవిడే మానేసిందంటే ఇంకేం చేస్తాను? వాళ్ళకి సరేనంటాను' అన్నారు. కాగితం సొరుగులో ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది. లాగి ఇస్తే అయిపోయేది. అంత పెద్దమనిషి నా రాత చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అదంతా ఉత్తిదండీ అని ఎలా అనడం? మొహమాటపడ్డాను. మొహమాటమని రాస్తున్నాను కానీ అదీ అబద్ధమే. ఆ పొగడ్త పోతుందని భయం. రేపు చెబుదామనుకున్నాను. అలా ఎనిమిది రేపులు గడిచాయి. ఇరవై ఒకటిన బేకరీ వాళ్ళతో ఆయన కాగితం రాసుకున్నారు. ఆయన ఏ ఊరూ వెళ్ళలేదు. పత్రిక కాపీలు నా మంచం కింద పన్నెండు ఉన్నాయి.

మాస్టార్ని నువ్వు తిడుతూ ఉత్తరం రాశావని చదివాక నేను అద్దాల హోటల్ వైపు తల తిప్పలేకపోతున్నాను. కిటికీ కూడా మూసేశాను. 'నువ్వున్నావు' అని నీ చేత్తో నువ్వు రాసిన మాట చూస్తే తల తీసేసినట్టయింది. నేను లేను అత్తయ్యా. ఉండాల్సిన ప్రతిచోటా తప్పుకున్నాను.

ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అల్లుడు అనిపించుకునే అర్హత లేని

నేను

ఏప్రిల్ 14

ఒరేయ్,

ఇది మొత్తం నా చేత్తోనే రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసు. నాలుగో తారీకున ఒక కవరు వచ్చింది. పైన అడ్రసు బార్బరు చేతిరాత. లోపల ఉత్తరం లేదు, నీ పత్రిక ముక్క ఒక్కటే మడిచి ఉంది. నా తిట్లకి మాస్టారి జవాబు అదే. ఎవరికీ ఇవ్వకుండా నేనే చదివాను, డాక్టరు చెప్పినట్టే రోజుకి అయిదు లైన్లు. ఇరవై లైన్లుంది. నా హోటల్ పోయిన సంగతి నాలుగు రోజులపాటు చదువుకున్నాను.

ఆ నాలుగు రోజులూ, తర్వాత రెండు రోజులూ పోస్టుమాను కోసం వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. వాడే రాస్తాడు, వాడి నోటితోనే చెబుతాడు అనుకుంటూ. రాశావు. అదొక్కటి నీకు మిగిలింది. నీ ఉత్తరం అయిదు లైన్లు కాదు, మొత్తం ఒక్క రోజే చదివేశాను. కన్ను ఎర్రబడింది. డాక్టరు తిట్టాడు.

బాగా రాశావురా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 'తక్కువ తిని లేవబోయేవాణ్ణి కౌంటరు నుంచే కనిపెట్టి కూర్చోబెట్టేది' అని రాశావు. నువ్వది చూశావని నాకు తెలియనే తెలియదు. పదకొండేళ్ళు నా దగ్గర తిన్నావు. ఒక్కనాడు బాగుందనలేదు. ఆ మాట అనడానికి నా హోటల్ పోవాల్సి వచ్చిందా?

క్షమించమని అడగకు. అది ఇప్పుడు నా దగ్గర లేదు. నా సిగ్గు నాకుంది. నీ మాట విని, ఆ మనిషిని ఒక్క ముక్క అడగకుండా, నలుగురిలో చదివించేలా తిట్టాను. పదహారేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నీ సిగ్గు నాకూ అంటించావు.

ఓనరుగారితో మా అమ్మాయి మొగుడు ఫోన్లో మాట్లాడాడు. ఆయనా తెగ నొచ్చుకున్నాడు. కానీ రాసుకున్న కాగితం రాసుకున్నదే. నెలాఖరు దాకా చోటు మనదే అన్నాడు. ఇరవై ఆరున నాకు రెండో కన్ను. ప్రయాణం కుదరదు.

అంచేత విను. ముప్పయ్యో తారీకున ఒక్కరోజు హోటల్ తెరవాలి. మూసేదేదో మనం మూయాలి, పేపరు కాదు. దీంతో మాస్టారికి ఇంకో ఉత్తరం పెట్టాను. బార్బరుకి ఇవ్వకు. నువ్వే వెళ్ళి ఆయన ఎదుట నిలబడి చదువు. నీ సంగతి కూడా నీ నోటితోనే చెప్పు. ఆయన వస్తే వంట ఆయనది. రాకపోతే నువ్వే ఏదో ఒకటి ఉడకెయ్యి. వచ్చిన ప్రతి మనిషికీ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాలి, నువ్వు కొట్టేసిన ఆ వాక్యం. గుంపుకి ఒకేసారి కాదు. ఒక్కొక్కరికీ.

తర్వాత అంట్లు కూడా నువ్వే తోము.

అత్తయ్య

ఏప్రిల్ 30

అత్తయ్యా,

రెండో కంటి ఆపరేషను కూడా బాగానే అయిందని మనవరాలు కార్డు రాసింది. ఇది ఎప్పుడు చదవగలవో తెలియదు. మనవరాలి చేత చదివించుకున్నా ఫరవాలేదు. దాచాల్సింది ఇంకేమీ లేదు.

అద్దాల హోటల్ వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మాస్టారు టోపీ తీసి పక్కన పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ముందు నీ ఉత్తరం చదివాను. తర్వాత నా సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. 'నీది తర్వాత చూద్దాం. అమ్మగారిది ఇంకోసారి చదువు' అన్నాడు. రెండోసారి చదివాను. 'మీరు నా గుమ్మం తొక్కకపోతే అది గుమ్మమే కాదు' అన్న చోట కత్తి కింద పెట్టి, ఉల్లిపాయలు మహా ఘాటుగా ఉన్నాయన్నాడు. తర్వాత నాది కూడా విన్నాడు. వారానికి ఒక్కరోజు వచ్చే సెలవుని ముప్పయ్యో తారీకుకి మార్పించుకున్నాడు.

ఎడిటరుగారి దగ్గరికీ వెళ్ళాను. మూల హోటల్ ముప్పయ్యిన మూస్తున్నారని వెయ్యమన్నాను. 'ఒకసారి మూసేసిన హోటల్ని మళ్ళీ ఎలా మూస్తామయ్యా?' అన్నారు. బతిమాలితే, తప్పిపోయిన కుక్కపిల్ల ప్రకటన కింద మూడు లైన్లు వేశారు. నా పేరుతోనే వేయించాను.

ఇవాళ పొద్దున తలుపులు తీశాం. తినడానికి ఎంతమంది వస్తారో అనుకున్నాను. పేటంతా వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాను. 'అది రాసింది నేనే. అత్తయ్య కంటి ఆపరేషనుకి వెళ్ళింది, రెండు నెలల్లో తిరిగొచ్చేది. ఆ ముక్క నేను కొట్టేశాను. అందువల్ల హోటల్ పోయింది.' మొదటి పదిమందికి చెప్పేసరికి నోరెండిపోయింది. దర్జీ నవ్వి, పెద్ద రచయితవి, వినయం బాగుంది అన్నాడు. మళ్ళీ చెప్పాను. నవ్వడం మానేసి లోపలికెళ్ళి కూర్చున్నాడు. ట్రాఫిక్ పోలీసు నా మాట సగంలోనే లోపలికి వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఓనరుగారి భార్య తన పర్సులోంచి నా పత్రిక ముక్క తీసింది. నాలుగు మడతలు పెట్టి దాచుకుందట. 'ఇది ఇక నా దగ్గర ఉండటం బాగుండదు నాయనా' అని నా చేతిలో పెట్టి లోపలికెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

వంట మామూలుగానే చేశాడు మాస్టారు. మొదటి గిన్నె దించేముందు అలవాటు చొప్పున గరిటె పక్కకి చాపాడు. నువ్వు నిలబడే చోట నేనున్నాను. ఎవరా అని చూసి, గరిటె వెనక్కి తీసుకుని తనే రుచి చూసుకున్నాడు. తర్వాత ప్రతి గిన్నెకీ చెయ్యి కొంచెం కదిలి ఆగిపోయేది.

ఎవరూ తక్కువ తిని లేవలేదు. నేను చూశాను.

అంట్లు తోమేసరికి సాయంత్రమైంది. మాస్టారు నాకు పళ్ళెంలో వడ్డించి పెట్టి వెళ్ళి పొయ్యిలు తుడుచుకున్నాడు. ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. చాలా బాగుంది అత్తయ్యా. పైకే అన్నాను. ఆయన తల తిప్పకుండా 'అమ్మగారికి రాయి ఆ ముక్క' అన్నాడు. అందుకే రాస్తున్నాను. ఇంకో ముక్క కూడా చెప్పాడు, ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను, ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు: 'రెండు కళ్ళూ బాగయ్యాక అమ్మగార్ని ఒకసారి అద్దాల హోటలుకి రమ్మను. వెనక గుమ్మంలోంచి రమ్మను. అక్కడ ఉప్పు చూసేవాళ్ళు లేరు.'

రేపు పొద్దున్నే బేకరీ వాళ్ళ వడ్రంగులు వస్తారు. తలుపుకి తాళం వేశాక బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది. తియ్యబోతే నాకు చేతులు రాలేదు. మాస్టారు స్టూలు వేసుకుని తీశాడు. కండువాతో దుమ్ము తుడిచి, ఏం రాసుంది ఇందులో అని అడిగాడు. రెండు నెలలు సెలవు అని చదివాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. 'ఇవాళ్టితో సరిగ్గా అయిపోయాయి కదా' అన్నాడు. అవునన్నాను.

నీకు పంపిద్దామని బోర్డు కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. చంకలో పెట్టుకుని, 'ఇది నేనే అమ్మగారికి చేరుస్తాను బాబూ. నీ చేతికిస్తే అందదు' అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

నీ అల్లుడు